పన్నెండు ఇరవైకి ఆశీర్వాదం

దేవునికి స్తోత్రం. పగటికి ఇంత, రాత్రికి ఇంత అని హద్దు గీసినవాడికి, ఏ ముల్లూ ఏ బ్యాటరీ లేకుండా సూర్యుణ్ణి ఒక్కనాడూ లేటు కాకుండా నడుపుతున్నవాడికి స్తోత్రం. ఆలస్యంగా వచ్చిన బిడ్డల ముఖాన తలుపు వేయని తండ్రికి మహిమ కలుగును గాక. మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లెవరైనా ముందు ఆయన్ని స్తుతించాకే తమ సంగతి ఎత్తుకుంటారు. నేను చెప్పబోయేది సాక్ష్యమో, తప్పు ఒప్పుకోవడమో నాకే సరిగా తెలియదు. ఒక గడియారం సంగతి మాత్రం నిజం.

నేను పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ స్టోర్‌లో పనిచేస్తాను. బేరింగులు, గాస్కెట్లు, చేతి తొడుగులు అడిగినవాళ్లకు ఇచ్చి సంతకం పెట్టించుకోవడం నా పని. కరెంటు పనిలో నాకు తెలిసింది బల్బు మార్చడం. అది కూడా మెయిన్ ఆపి, ప్రార్థన చేసుకుని మారుస్తాను. ఆదివారం మాత్రం నేను సంఘ పెద్దను. పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి లోపలికి పన్నెండు నిమిషాల నడక దూరంలో మా రేకుల మందిరం ఉంది. చాపలు పరిపించడం, ప్రకటనలు చదవడం, ఫోన్లు ఆఫ్ చేయించడం నా బాధ్యతలు. ఈ చివరిది నేను నెత్తిన వేసుకున్నదే. ఆరాధన మొదలయ్యే ముందు మైకు పట్టుకుని, "మనం ప్రభువు సన్నిధిలో ఉన్నాం. ఫోన్లు స్విచాఫ్ చేయండి. సైలెంట్ కాదు, స్విచాఫ్" అని ప్రతి వారం చెబుతాను. చెప్పి, అందరికీ కనిపించేలా నా ఫోన్ పైకెత్తి కట్టేసి జేబులో పెట్టుకుంటాను.

ఇక గడియారాలు. మేలు జరిగితే మందిరానికి వస్తువు ఇవ్వడం మావాళ్ల అలవాటు. ఫ్యాన్ ఇస్తారు, కుర్చీ ఇస్తారు, అన్నిటికంటే ఎక్కువగా గోడ గడియారం ఇస్తారు. దాని మీద ఎర్ర పెయింటుతో ఇచ్చినవాళ్ల పేరు రాయిస్తారు. అలా మా గోడకు మూడు గడియారాలు చేరాయి. మొదటిది ఒక పెద్దమ్మ తన భర్త జ్ఞాపకార్థం ఇచ్చింది, పన్నెండు నిమిషాలు వెనక నడుస్తుంది. రెండోది రిటైరైన బస్సు డ్రైవర్ ఒకాయన ఇచ్చాడు. అది పది నిమిషాలు ముందు నడుస్తుంది, గంటకోసారి పాట పాడుతుంది. మూడోది ఒక పెళ్లి కానుక. కొత్త బ్యాటరీ వేస్తే గంటసేపు తిరిగి, అలసిపోయి ఆగుతుంది.

మా పాస్టరు అయ్యగారు మంచి దైవజనుడు. చేతికి గడియారం పెట్టుకుంటే మనసు వాక్యం మీద నిలవదని పెట్టుకోరు. కానీ గోడ మీది మూడింటినీ ఆయన వాడుకునే పద్ధతి వేరు. పది గంటలకు జనం ఇంకా రాకపోతే డ్రైవర్ గారి గడియారం చూపించి, "చూడండి, పది దాటి పది నిమిషాలైంది" అంటారు. ప్రసంగం సాగుతున్నప్పుడు పెద్దమ్మ గడియారం వైపు తిరిగి, "ఇంకా మనకు సమయం ఉంది, దేవునికి స్తోత్రం" అంటారు. ఆ సమయం ఆ గోడ మీద తప్ప సంగారెడ్డి జిల్లాలో ఇంకెక్కడా ఉండదు.

దీనితో నష్టపోతున్నది ఎవరో నాకు చాలాకాలం తెలియలేదు.

మా సంఘంలో ఒక అక్క ఉంది. యాభై దాటిన మనిషి, భర్త లేడు. జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో గోలీల ప్యాకింగ్ లైన్ మీద కాంట్రాక్టు పని. ఆమెకు వారపు సెలవు మంగళవారం. ఆదివారం రెండింటి షిఫ్టుకు వెళ్లాలి. కంపెనీ బస్సు పన్నెండు నలభైకి చౌరస్తాకు వస్తుంది, ఎవరికోసమూ ఆగదు. అందుకని ప్రతి ఆదివారం చివరి పాట మొదలుకాగానే ఆమె తలుపు దగ్గరికి జరిగి, చెప్పులు చేతిలో పట్టుకుని, టిఫిన్ సంచి భుజాన వేసుకుని పరుగెత్తేది. ఆ పాట తర్వాతే ఆశీర్వాదం. అయ్యగారు రెండు చేతులూ చాపి దీవిస్తారు, మేము తలలు వంచి అందుకుంటాం. అది తీసుకోకుండా వెళ్లడం మాకు మాటల్లో చెప్పలేని వెలితి.

ఒక ఆదివారం నేను తలుపు దగ్గరే ఆమెను ఆపాను. నిజం చెప్పాలంటే మందలించడానికే ఆపాను.

"ఏందక్కా, ప్రతి వారం గిట్ల మధ్యల లేసిపోతవ్? ఆశీర్వాదం అక్కర్లేదా?"

ఆమె నా ముఖం చూసింది. "తమ్మి, ఏడాదిన్నర అయితున్నది నా తల మీద ఆశీర్వాదం పడక. వంట అయ్యేదాక పొగల కూసొని, బువ్వ తినకుండ లేసిపోయినట్టుంటది నాకు. రెండుసార్లు ఉండబుద్ధయి ఉన్న. బస్సు పాయె. రెండు ఆటోలు మారి పోయిన. ఇంకొక్కసారి లేటైతే లైన్ మీద ఇంకొకామెను పెడ్త, నువ్వు ఇంటికాడనే ఉండు అన్నడు సూపర్‌వైజర్."

"మరి అయ్యగారికి చెప్పరాదు?"

"వాక్యం చెప్పేటాయనకు జల్దీ జెయ్యుమని నేను చెప్పాల్నా? పాపం గాదు?" అని చెప్పులు పట్టుకుని ఉరికింది.

నాకు సిగ్గనిపించింది. పెద్దరికం ఉన్నవాడికి సిగ్గు వస్తే ఊరుకోడు, ఏదో ఒకటి చేస్తాడు. ఆ శనివారం స్టూలు ఎక్కి మూడు గడియారాలూ సరిచేశాను. ఆదివారం ఆరాధన అవగానే పెద్దమ్మ కర్ర పట్టుకుని నా ముందుకొచ్చింది.

"బిడ్డా, మీ పెద్దయ్య గడియారం ముల్లు ముట్టుకున్నవా?"

"పన్నెండు నిమిషాలు లేటున్నది పెద్దమ్మా, సరిజేసిన."

"మీ పెద్దయ్య ఉన్నన్ని దినాలు ఎన్నడన్న లేటైండా? ఆయన పోయినంక ఆయన్ని లేటంటున్నవా?"

డ్రైవర్ గారు ఇంకో వైపు నుంచి వచ్చాడు. "నాది ముందున్నదంటే నేనే ముందు పెట్టిన. ముప్పై ఏండ్లు బస్సు నడిపినోన్ని. నీ లెక్క సామాన్లు ఇచ్చి సంతకం పెట్టించుకునే పని గాదు నాది."

తరువాతి వారానికి గడియారాలు మళ్లీ ఎవరి పాత టైముకు అవి వెళ్లిపోయాయి. ఎవరు తిప్పారో దేవునికి తెలుసు, స్టూలుకు తెలుసు. అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, "తమ్ముడూ, ఎవరి చెయ్యీ పడని గడియారం ఒకటి ఉంటే ఎవరికీ కోపం ఉండదు. అటువంటిది లోకంలో లేదు కదా" అన్నారు.

ఆ మాట నాలో పడి మొలకెత్తింది. మా ఫ్యాక్టరీలో మీటర్లు చూసే సెక్షన్‌లో బిహార్ నుంచి వచ్చిన ఒక భాయ్ ఉన్నాడు, నా వయసువాడే. ఎవరి చెయ్యీ పడని గడియారం ఉంటుందా అని అతన్ని అడిగాను. "హోతా హై నా! ఇంటర్నెట్ సే టైమ్ లేగా, పాంచ్ తార్ జోడ్‌నా హై, బస్" అన్నాడు. అయిదు వైర్లు కలిపితే చాలట. అగ్గిపెట్టె అంత వైఫై బోర్డు ఒకటి, ఎర్ర చుక్కలతో అంకెలు చూపే డిస్‌ప్లే ఒకటి, మొబైల్ చార్జర్ ఒకటి. బోర్డు ఇంటర్నెట్‌లోకి వెళ్లి టైము అడిగి తెచ్చుకుంటుంది, ఆ తర్వాత తానే లెక్కపెట్టుకుంటుంది. "లేకిన్ కరెంట్ గయా తో సబ్ భూల్ జాతా, ఫిర్ పూఛ్‌నా పడ్తా" అని కూడా చెప్పాడు. కరెంటు పోతే అన్నీ మర్చిపోయి మళ్లీ అడగాల్సి వస్తుందని అతను స్పష్టంగానే చెప్పాడు. నేనే వినవలసిన చెవితో వినలేదు.

సామాను ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఫోన్‌లో వీడియోలు చూస్తూ, పొద్దుటి షిఫ్టు అయ్యాక మధ్యాహ్నాలు వంటింటి పక్కన కూర్చుని పని మొదలుపెట్టాను. భాయ్ దగ్గర అరువు తెచ్చిన సోల్డరింగ్ ఐరన్‌తో డిస్‌ప్లే వెనక పిన్నులు అతికించాలి. మొదటి రోజు రెండు పిన్నులు అతికాయి, కొత్త టేబుల్ కవర్‌కు నాలుగు రంధ్రాలు పడ్డాయి.

మా ఆవిడ వచ్చి చూసింది. "ఏందయ్యా, గడియారం జేస్తున్నవా, జల్లెడ జేస్తున్నవా?"

"దేవుని పనే, జెర ఓర్సుకో."

"దేవుని పనైతే దేవుని టేబుల్ మీద జెయ్యరాదు?"

తర్వాత మా బిడ్డ కాలేజీ ల్యాప్‌టాప్‌కు బోర్డు తగిలించి, ఒకరు ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రోగ్రాం దాంట్లోకి ఎక్కించాలి. తగిలించాను. బోర్డు మీద చిన్న దీపం వెలిగింది గానీ, ల్యాప్‌టాప్ మాత్రం "నువ్వెవరో నాకు తెలియదు" అన్నట్టు ఊరుకుంది. ఒక రోజు కాదు, మూడు రోజులు. మూడో రోజు నేను మధ్యాహ్నం భోజనం మాని ఉపవాసం ఉన్నాను. బోర్డు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. ఇది అతిశయోక్తి కాదు, నిజంగానే చేశాను. కళ్లు తెరిచేసరికి ఎదురుగా మా ఆవిడ నిలబడి ఉంది.

"ఆ వైరు చార్జింగ్‌కు తప్ప దేనికీ పనికిరాదు. మొన్న పెండ్లి ఫోటోలు ఎక్కియ్యబోతే బిడ్డనే చెప్పింది. ఇగో, గిది పెట్టు" అని ఇంకో వైరు ఇచ్చింది.

పెట్టగానే ల్యాప్‌టాప్ బోర్డును గుర్తుపట్టింది. దేవుడు ప్రార్థన వింటాడని నాకు ఎప్పుడూ సందేహం లేదు. జవాబు ఎవరి చేతిలో పంపుతాడనేదే మనం ముందుగా చెప్పలేం.

మొదట అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చాయి. ప్రోగ్రాంలో ఒక అక్షరం మారిస్తే సరిగ్గా నిలబడ్డాయి. అప్పుడు సరిగ్గా మధ్యాహ్నం నాలుగు. డిస్‌ప్లే మీద 10:30 అని వచ్చింది.

"గిది ఏ ఊరి టైము?" అంది మా ఆవిడ.

"ఇంగ్లండు దిక్కుది. లోకంల అందరూ ఆడినుంచే లెక్కపెడ్తరంట."

"మన మందిరం పోతిరెడ్డిపల్లిల ఉన్నది గదా?"

మనది వాళ్లకంటే అయిదున్నర గంటలు ముందు. బోర్డుకు గంటలు అర్థం కావు, సెకన్లలో చెప్పాలి. కాగితం మీద గుణించి, పంతొమ్మిది వేల ఎనిమిది వందలు అని రాశాను. అంకెలు ఒక్క గెంతుతో మన దేశానికి వచ్చాయి. నేను మోకాళ్లూని స్తోత్రం చెప్పాను. మా ఆవిడ కూడా చెప్పింది, గానీ టేబుల్ కవర్ వైపు చూస్తూ చెప్పింది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. గడియారం తయారైందని చెప్పగానే అయ్యగారు, "పేరు రాయించుదామా తమ్ముడూ?" అని అడిగారు. "వద్దయ్యగారూ, మహిమ దేవునికే" అన్నాను తల వంచి. ఆయన చాలా సంతోషించారు. కానీ అప్పటికే ప్రోగ్రాంలో నేను ఒక వరుస కలిపి ఉన్నాను. గడియారం మొదలైన ప్రతిసారీ నా పేరు, దాని ముందు 'కానుక' అనే మాట ఇంగ్లీషు అక్షరాల్లో కుడి నుంచి ఎడమకు ఒకసారి నడిచి వెళ్తాయి. పెయింటు వద్దన్నవాడిని, ఎర్ర దీపాలతో రాసుకున్నాను. ఎప్పుడో ఒకసారి మొదలయ్యేటప్పుడే కదా, ఎవరు చూస్తారులే అనుకున్నాను. అలా అనుకుంటూనే ఎవరైనా చూస్తే బాగుండు అని కూడా అనుకున్నాను.

మా ఇంట్లో వైఫై లేదు, మందిరంలో అసలే లేదు. నా ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేస్తే దాని ద్వారానే బోర్డు ఇంటర్నెట్‌ను అందుకునేది. శనివారం మా ఆవిడది ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా తీసుకుని, దాంట్లో అంతా బిగించి మందిరం గోడకు కొట్టాను. ఫోన్ జేబులో ఆన్‌లో ఉంది. టైము వచ్చింది. పరీక్ష నెగ్గింది.

పాత గడియారాలు దించడానికి సంఘం ఒప్పుకుంది, కొత్తదాని మీద ఎవరి చెయ్యీ పడదన్న ఒక్క మాట మీద. "ఆకాశంకెల్లి వచ్చే టైము అంటున్నవ్, మంచిదే" అంది పెద్దమ్మ. తన గడియారాన్ని కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. డ్రైవర్ గారు మాత్రం, "సూద్దాం, ఎన్ని దినాలు నడుస్తదో" అన్నాడు.

ఆదివారం ప్రతిష్ఠ. రిబ్బను కట్టాం. అయ్యగారు గడియారం కింద నిలబడి ప్రార్థన చేసి, సంఘం ముందు మాటిచ్చారు: "ఇకనుంచి పన్నెండు ఇరవైకి ఆశీర్వాదం. ఈ గడియారమే సాక్షి." వెనక వరసల్లో కూర్చునే అక్క ఆ రోజు ముందుకొచ్చి రెండో వరసలో కూర్చుంది. చెప్పులు మాత్రం చాప అంచుకే పెట్టుకుంది. ఆశ వచ్చినా అలవాటు పోదు కదా.

నేను మైకు తీసుకున్నాను. "ఫోన్లు స్విచాఫ్ చేయండి. సైలెంట్ కాదు, స్విచాఫ్" అని, నా ఫోన్ పైకెత్తి, అందరూ చూస్తుండగా కట్టేశాను. గడియారం అప్పటికే టైము తెచ్చుకుని ఉంది కనుక తన లెక్క తాను చేసుకుంటూ హాయిగా నడిచింది. పదిన్నర అయింది. పదకొండు అయింది. ప్రసంగం మధ్యలో కూడా జనం గడియారం వైపు చూస్తుంటే, నాకు నా మీద అన్యాయంగా ప్రేమ పుట్టింది.

పన్నెండు దాటాక కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, మైకు ఆగింది, గడియారం నల్లబడింది. అయ్యగారు గొంతు పెంచి కొనసాగించారు. నిమిషంలో కరెంటు వచ్చింది. గోడ మీద ఎర్రగా నా పేరు నడవడం మొదలుపెట్టింది.

సంఘమంతా చదివింది. చదువు రానివాళ్లకు పక్కవాళ్లు చదివి చెప్పారు. పేరు పూర్తిగా దాటకముందే కరెంటు మళ్లీ పోయి వచ్చింది. నా పేరు మళ్లీ మొదటి నుంచి బయలుదేరింది. మూడోసారి కూడా అదే జరిగింది. డ్రైవర్ గారు పక్కాయనతో గుసగుస అనుకుంటూ మందిరమంతా వినబడేలా అన్నాడు, "బస్సు బోర్డు లెక్క తిరుగుతున్నది. ఈ బస్సు ఏడికి పోతదో రాయలేదు."

తల ఎత్తలేకపోయాను. ఎత్తేసరికి పేరు వెళ్లిపోయి, గడియారం టైము చూపిస్తోంది. 05:30.

అప్పుడు అర్థమైంది. బోర్డు అంతా మర్చిపోయింది. మళ్లీ అడగడానికి నా ఫోన్ కావాలి. నా ఫోన్ స్విచాఫ్. సైలెంట్ కాదు, స్విచాఫ్. పైకెత్తి, అందరికీ చూపించి మరీ కట్టేసిన ఫోన్. ఇప్పుడు దాన్ని ఆన్ చేస్తే పెద్ద రాగం తీస్తుంది, ఆ రాగం మందిరంలో ఎవరి జేబులోంచి వచ్చినా లేపి నిలబెట్టేది నేనే.

అయ్యగారు కళ్లు మూసుకుని ప్రసంగంలో లోతుగా వెళ్లిపోయారు. బైబిల్లో ఒక రాజు కోసం దేవుడు ఎండ గడియారం మీది నీడను వెనక్కి నడిపించిన సంగతి చెబుతున్నారు. కళ్లు తెరిచి గోడ వైపు చూశారు. 05:34. మాటిచ్చిన మనిషి, ఆ గడియారమే సాక్షి అన్న మనిషి. ఆ సాక్షి ప్రకారం ఇంకా తెల్లవారలేదు. "ఇంకా మనకు సమయం ఉంది" అన్నారు, కానీ ఈసారి గొంతులో ధైర్యం లేదు.

ఒకవైపు నా పరువు. ఇంకోవైపు రెండో వరసలో అక్క. ఆమె గడియారాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. కోపం లేదు. నెమ్మదిగా చెయ్యి చాచి చెప్పులు ఒళ్లోకి తీసుకుంది, అంతే. ఆ చెప్పులు చూశాక కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, క్షమించుండ్రి. ఆ గడియారం అబద్ధం చెప్తున్నది. నా ఫోన్ ఆన్‌ల ఉంటేనే దానికి టైము తెలుస్తది. నేనే స్విచాఫ్ జేసిన."

అయ్యగారు పుస్తకంలో వేలు పెట్టి నా వైపు తిరిగారు. "సరే. మరి ఇప్పుడు టైమెంత?"

"పన్నెండు పదిహేడు అయ్యగారూ!"

ఒకరు కాదు. ముందు వరస నుంచి వెనక తలుపు దాకా, ఆడవాళ్ల వైపు, మగవాళ్ల వైపు, పాటల బృందం నుంచి కూడా నలభై గొంతులు ఒక్కసారే అన్నాయి. నిమిషం తేడా లేదు. మా సంఘం ఒక్క మాట మీద నిలబడటం నేను అదే మొదటిసారి చూశాను.

ఫోన్లు పట్టుకున్న చేతులన్నీ చటుక్కున కిందికి దిగాయి. తాము ఏం ఒప్పుకున్నారో అందరికీ ఒకేసారి తెలిసింది. అన్నేళ్లుగా నేను మైకులో అరిచిన మాట విన్నవాడు ఆ మందిరంలో ఒక్కడే. వాడి ఫోన్ మీదే గడియారం ఆధారపడి ఉంది.

పెద్దమ్మ అందరికంటే ముందు తేరుకుంది. "బీపీ గోలికి అలారం పెట్టుకున్న అయ్యగారూ. అందుకే బంద్ జెయ్య."

"నాది బంద్ చేస్తే మళ్ల ఆన్ అయితలేదు" అన్నాడు ఇంకొకాయన.

"నేను టైము చూసుడు కోసమే" అన్నాడు డ్రైవర్ గారు. "మీరు నా గడియారం దించితిరి గదా!"

అయ్యగారు ముందు పెదవి బిగించారు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత పుస్తకం మూసి, ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన అలా నవ్వడం చూసి సంఘమంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, ఏడుపు రాకుండా ఉండటానికి.

"మిగిలిన వాక్యం వచ్చే ఆదివారం" అన్నారు ఆయన. "చివరి పాట కూడా వచ్చే ఆదివారం. లేచి నిలబడండి."

నేను ఫోన్ బటన్ నొక్కి పట్టుకున్నాను. అయ్యగారు రెండు చేతులూ చాపారు. అందరం తలలు వంచాం. సరిగ్గా అప్పుడే నా ఫోన్ తన పెద్ద రాగం తీసింది. ఎవరూ తల ఎత్తలేదు. ఆశీర్వాదం నింపాదిగా, పూర్తిగా, ఒక్క మాట మింగకుండా మా మీదికి వచ్చింది. హాట్‌స్పాట్ నొక్కడానికి నేను ఒక కన్ను తెరిచాను, అది కూడా ఒప్పుకోవాలి కదా. అక్క తల వంచి, చెప్పుల్ని గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. కన్నీళ్లు చెప్పుల మీద పడుతున్నాయి. 'ఆమేన్' అనే మాట ఆమె నోటి నుంచి అందరికంటే కొంచెం ఆలస్యంగా వచ్చింది. గోడ మీద అంకెలు 05:37 నుంచి 12:20 మీదికి గెంతాయి.

ఆమేన్ అవగానే ఆమె ఉరకబోయింది. "ఆగక్కా" అని బండి తీశాను. చౌరస్తాకు చేరేసరికి బస్సు ఇంకా రాలేదు. ఏడాదిన్నరగా దాని వెంట పరుగెత్తిన మనిషి మొదటిసారి దాని కోసం ఎదురుచూసింది. కాలు మీద కాలు వేసుకుని, అరుగు మీద కూర్చుని మరీ చూసింది.

"తమ్మి" అంది కాసేపటికి.

"ఏందక్కా?"

"గడియారం మంచిగున్నది. నీ పేరు మాత్రం ఒక్కసారి తిప్పితే సాలదా? మూడుసార్లెందుకు? మేమేమన్న మర్సిపోతమా?"

ఆమె నవ్వి, టిఫిన్ సంచిలోంచి ఒక అరటిపండు తీసి నా చేతిలో పెట్టింది. బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ తెరిచి, నా పేరున్న వరుస తీసేశాను. 05:30 ఎక్కడి నుంచి వచ్చిందో మర్నాడు భాయ్ చెప్పాడు. టైము తెలియని బోర్డు సున్నా నుంచి మొదలుపెడుతుందట. ఆ సున్నాకు నేను కలిపిన అయిదున్నర గంటలు కలిపి, తెలిసినట్టే గోడ మీద నిలబెట్టిందట. అంటే దానికి ఏమీ తెలియదు, ఉన్నదల్లా నేను నేర్పిందే. ఆ మాట నా గురించే అన్నట్టు అనిపించింది. ఇప్పుడు ప్రోగ్రాం మార్చాను. టైము తెలియకపోతే అంకెలు చూపదు, నాలుగు గీతలు చూపి ఊరుకుంటుంది. గడియారానికి ఆ బుద్ధి ఒక మధ్యాహ్నంలో వచ్చింది. నాకు రావడానికి ఇంకా సమయం పట్టేలా ఉంది.

ఫోన్ల నియమం కూడా మారింది. మందిరంలో అందరి ఫోన్లూ స్విచాఫ్, నాది ఒక్కటి ఆన్. పెద్దమ్మ గడియారం మళ్లీ గోడెక్కింది, పన్నెండు నిమిషాలు వెనకగానే. డ్రైవర్ గారిదీ ఎక్కింది. అయ్యగారు అప్పుడప్పుడు పెద్దమ్మ గడియారం వైపు ఆశగా చూస్తారు. అప్పుడు సంఘం గొంతు సవరించుకుంటుంది. పన్నెండు ఇరవైకి ఆశీర్వాదం పడుతోంది. అక్క చెప్పులు ఇప్పుడు తలుపు బయట, అందరి చెప్పులతో కలిసి ఉంటున్నాయి.

కానీ ఆమె సెలవు ఇంకా మంగళవారమే. సంఘమంతా కలిసి తినే నెల మొదటి ఆదివారం భోజనంలో ఆమె విస్తరి ఇప్పటికీ ఖాళీగా ఉంటుంది. అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఏ ఊరివారైనా, ఆదివారం పన్నెండు ఇరవైకి మీ చేతిలో ఫోన్ ఎలాగూ ఉంటుంది, అది నాకు తెలుసు. ఆ అంకెలు కనబడినప్పుడు ఒక్క నిమిషం తల వంచి నాతో కలిసి అడగండి: తండ్రీ, నీ సమయం తప్పదు. మా అక్కకు ఆదివారం సెలవు దయచెయ్యి. ఆ సూపర్‌వైజర్ మనసు మెత్తబరచు. ఆ నిమిషంలో మా మందిరంలో కరెంటు పోకుండా కాపాడు. పోయినా, తెలియనిది తెలియదని చెప్పే ధైర్యం గడియారానికీ, దాన్ని చేసినవాడికీ ఇవ్వు. మీరూ ఆమేన్ అనండి.